మేస్త్రీ పట్టీ

తప్పు చేసింది కేశవరావు. మాట పడింది మారయ్య.

సింగపూర్‌లో బూన్ లే దాటాక ఫ్యాక్టరీల మధ్య ఒక ట్రెయిలర్ల షెడ్డు ఉండేది. కంటైనర్లు మోసే పొడవాటి ట్రెయిలర్ల కింద దూరి, ఇరుసు మీద బరువు మోసే ఇనప పట్టీల కట్టలు, అంటే కమాన్లు, మార్చడం మారయ్య పని. కొత్త కమాను ఎక్కించి, దాన్ని ఇరుసుకు కట్టే యూ బోల్టులు ఎంత గట్టిగా బిగించినా, బండి కొంత దూరం నడిచేసరికి పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకుంటాయి, బోల్టులు వదులవుతాయి. అప్పుడు బండిని వెనక్కి పిలిపించి రెండోసారి బిగించాలి. అతను పని నేర్చిన కోదాడలో అయినా సింగపూర్‌లో అయినా ఇనుము గుణం ఒకటే. బండిని పిలిపించమని మారయ్య ఫోర్‌మన్ కేశవరావుకు గుర్తు చేస్తూనే ఉన్నాడు.

"చూద్దాంలేవయ్యా, ఓడ వచ్చి కూర్చుంటే బండిని వెనక్కి ఎవడిస్తాడు?" అని కేశవరావు దాటేశాడు.

బండి రాలేదు. ఒక మధ్యాహ్నం బోల్టు ఊడి, ఇరుసు పక్కకు జారి, నడిరోడ్డు మీద కంటైనర్ ఒరిగింది. ఎవరూ చావలేదు, అంతవరకే అదృష్టం. షెడ్డు యజమాని చైనా ముసలాయన. అందరూ ఆయన్ని తౌకే అంటారు. ఆయన వేలు చూపించి "హూ?" అని అడిగాడు.

కేశవరావు రెప్పయినా వేయలేదు. "మారయ్య. హీ నెవర్ టైట్" అన్నాడు.

మారయ్యకు వచ్చిన ఇంగ్లీషు ఆ మాట అర్థం చేసుకోవడానికి సరిపోయింది, జవాబు చెప్పడానికి సరిపోలేదు. "నేను బిగిచ్చిన సార్. రెండోపాలి బిగిస్త, బండిని పిలువుమని జెప్పిన సార్. నా పెండ్లాం సూరమ్మ మీద ఒట్టు" అని తెలుగులోనే అన్నాడు. అక్కడ తెలుగు తెలిసిన మనిషి కేశవరావు ఒక్కడే. ఆయన ఆ మాటను తౌకేకు చెప్పలేదు.

ఆ సాయంత్రమే మారయ్య చేతిలోంచి పానా తీసుకుని నీళ్ళ గొట్టం ఇచ్చారు. పనికి వచ్చిన ట్రెయిలర్లకు అంటిన మట్టి కడగాలి, షెడ్డు ఊడ్వాలి, చమురు మరకల మీద రంపపు పొట్టు చల్లాలి. కోదాడ హైవే పక్క లారీ షెడ్లలో మారయ్య పేరు చెబితే డ్రైవర్లు వరసలో నిలబడేవాళ్ళు. ఇక్కడ అతని పేరు చెబితే గొట్టం ఎక్కడుందో చూపించేవాళ్ళు.

ఆదివారాల్లో లిటిల్ ఇండియాకు వెళ్ళి ఫోన్ కార్డు గీకి ఇంటికి మాట్లాడేవాడు. అవతల సూరమ్మ గొంతు నిండా గర్వం ఉండేది.

"ఏమయ్యో, పానా పట్టి పట్టి చేతులు కాయలు కాసినయా?"

"కాసినయే."

"ఆ తిరుమల సెలవు మీదొచ్చి ఊరంత జెప్పుకుంట తిరుగుతున్నడు, నీ మొగడు ఆడ బండ్లు కడుగుతున్నడని. నడిబజార్ల నిలబెట్టి కడిగిన. నా మొగడు ముట్టుకుంటెనే బండి నడుస్తది, నువ్వు జూసింది ఇంకెవణ్ణో అని చెప్పిన. మంచిగ జెప్పిన్నా?"

"మంచిగ జెప్పినవ్" అనేవాడు మారయ్య. తిరుమల చూసింది తననే. కూలీలను ఉంచే డార్మిటరీలో అతని పక్క మంచం వాడు మరి.

రెండేళ్ళు అలాగే గడిచాయి. అవి కంప్యూటర్ల రోజులు. సింగపూర్‌లో ఏ గోడ మీద చూసినా ఇంటర్నెట్ మాటే. హైదరాబాద్ నుంచి విమానాలు దిగుతున్న కుర్రాళ్ళకు ఇక్కడ ఆఫీసులు ఎదురొచ్చి కుర్చీలు వేస్తున్నాయి. అదే విమానంలో వెనక వరసల్లో వచ్చినవాళ్ళను మాత్రం లారీ వెనకాల ఎక్కించుకుని షిప్‌యార్డులకు తోలుతున్నారు. ఇద్దరిదీ ఒకటే దేశం, ఒకటే భాష. ఒకడికి వచ్చిన విద్యకు లోకం మొత్తం తలుపులు తీసింది, ఇంకొకడికి వచ్చిన విద్యను లోకం గొట్టం కింద కడిగేసింది. అందులో న్యాయం ఎక్కడుందని అడిగే తీరిక ఎవరికీ లేదు.

మారయ్య వర్క్ పర్మిట్ ఆ నెలతో అయిపోతుంది. గొట్టం పట్టుకునే మనిషికి మళ్ళీ పర్మిట్ ఎందుకని తౌకే అప్పుడే అనేశాడు. ఈసారి వెనక్కి పోతే ఇక రావడం ఉండదు. ఆ వయసువాడికి కొత్త పర్మిట్ ఎవడూ ఇవ్వడు. కోదాడలో అతను పని చేసిన షెడ్ల వరస కూడా రోడ్డు వెడల్పులో లేచిపోయింది. పోవడానికి భయం లేదు. కడిగేవాడిగా పోవడానికి, సూరమ్మ నడిబజారులో చెప్పిన మాటకు ఎదురుగా పోయి నిలబడటానికి భయం.

అప్పుడు వచ్చింది ఇఫ్తేఖార్ బండి.

అది సరుకు ట్రెయిలర్ కాదు. ఆస్ట్రేలియాలో కుటుంబాలు సెలవులకు కారు వెనక తగిలించుకుని పోయే ఇల్లు. కింద రెండు ఇరుసులు, పైన కిటికీలు, తలుపు, మెట్టు. మంచాలూ పొయ్యీ పీకేసి లోపల రెండు వరసల్లో కంప్యూటర్లు పెట్టారు. పేటలన్నీ తిప్పి ముసలివాళ్ళకూ ఇల్లాళ్ళకూ ఇంటర్నెట్ నేర్పాలని ఒక కంపెనీ పథకం. దాన్ని నడిపేది ఇఫ్తేఖార్. హైదరాబాద్‌లో మల్లేపల్లి మనిషి, యీషున్‌లో కాపురం. సన్నగా, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నవాడిలా జేబులు తడుముకుంటూ ఉంటాడు. బండి మొదట వచ్చినప్పుడు ఎడమ పక్కన కమాను పట్టుకునే బ్రాకెట్టు ఒకటి విరిగి ఉంటే కేశవరావే అతికించి పంపాడు. ఇప్పుడు మళ్ళీ వచ్చింది. రోడ్డెక్కితే ఊగిపోతోందట, వంకర నడక నడుస్తోందట, లోపల కంప్యూటర్లు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయట.

"ఇది బొమ్మ బండి సార్. మనం చేసేది కాదు" అని కేశవరావు చేతులు దులిపేశాడు. షిప్‌యార్డు ట్రెయిలర్లు వరసగా నిలబడి ఉన్నాయి, ఆయన ధ్యాసంతా వాటి మీదే.

ఇఫ్తేఖార్ జేబులు తడుముకున్నాడు. "యా అల్లా, బెడోక్ పేటలో ఓపెనింగ్ ఉంది. పెద్దవాళ్ళు వస్తున్నరు. నా నౌకరీ పోతది" అని తనలో తాను గొణుక్కున్నాడు.

మారయ్య గొట్టం కట్టేశాడు. తడిసిన నేల మీద అలాగే వెల్లకిలా పడుకుని బండి కిందకు జారాడు. రెండేళ్ళుగా కడగడానికి మాత్రమే చూసిన చోటును మళ్ళీ మెకానిక్ కళ్ళతో చూశాడు. కమాను చివరి కన్నుల్లో బోల్టు తిరిగే ప్లాస్టిక్ బుష్షులు అరిగి పొడి అయిపోయాయి. కమాను చివరలను పట్టుకునే షాకిళ్ళ రంధ్రాలు కోడిగుడ్లలా సాగాయి. పట్టీలు వంపు పోయి పడుకున్నాయి. కుదుపును మింగే షాక్ అబ్జార్బర్లు ఈ బండికి పుట్టుకతోనే లేవు.

"సార్, నేను జేస్త" అన్నాడు కిందనుంచే.

ఇఫ్తేఖార్ వంగి చూశాడు. "అరే భాయ్, మీరు మన దిక్కేనా? ఎక్కడ?"

"కోదాడ సార్."

"కోదాడా! మా మామూ దుకాణం అక్కడే ఉండె. మరి ముందుగాల చెప్పొద్దా?"

"ముందుగాల నన్ను ఎవ్వలు అడిగిన్రు సార్?"

తౌకే వచ్చాడు. బండి కిందనుంచి బయటికి వస్తున్న మారయ్యను చూసి నవ్వాడు. "యూ? యూ వాష్ ఓన్లీ లా."

"బాస్, బిఫోర్ ఐ ఫిట్టర్. కెన్. ఐ డూ, కెన్" అన్నాడు మారయ్య.

ఇఫ్తేఖార్ కూడా ఇంగ్లీషులో ఏదో బతిమాలాడు. వచ్చిన గిరాకీని వదులుకోవడం తౌకేకు ఎప్పుడూ ఇష్టం ఉండదు. ఆయన మారయ్య ముఖం ముందు రెండు వేళ్ళు ఎత్తాడు. ఒక వేలు మడిచి "డూ గుడ్, ఫిట్టర్, పర్మిట్ కెన్" అన్నాడు. రెండో వేలు మడిచి, అరచేతిని విమానంలా గాలిలోకి లేపి చూపించాడు.

కేశవరావు దూరం నుంచి చూస్తూ ఊరుకున్నాడు. ఊరుకోవడం ఆయనకు బాగా అలవాటు.

కొత్త కమాన్లూ మిగతా సామాన్లూ ఆస్ట్రేలియా నుంచి వచ్చాయి. మారయ్య ప్లాస్టిక్ బుష్షులు తీసి ఇత్తడివి కొట్టాడు. పాత బోల్టుల చోట, నడుమ సన్నని రంధ్రం ఉండి గ్రీజు లోపలికి ఎక్కే బోల్టులు వేశాడు. షాకిళ్ళకు మందపాటి రేకులు తెచ్చాడు. ప్రతి చక్రానికీ ఒక షాక్ అబ్జార్బర్ బిగించడానికి బ్రాకెట్లు తనే కోసి, అతికించి, నున్నగా అరగదీశాడు. గ్రీజు గన్ను నొక్కితే అవతలి అంచున కొత్త గ్రీజు పసుపుపచ్చగా ఉబికి వచ్చినప్పుడు, నోట్లో ఏదో తియ్యగా ఊరినట్టు గుటక వేశాడు. పానా తిప్పుతుంటే భుజం నొప్పి పుట్టింది. ఆ నొప్పి పోకూడదనిపించింది. ఈ ఆదివారం సూరమ్మకు అబద్ధం చెప్పే పని లేదు.

అంతా అయ్యాక, ఒంటరిగా బండి కింద పడుకుని కమాన్ల వంక చూశాడు. భయం వేసింది.

ఒక్కో కమానుకు నాలుగే పట్టీలు. పలచగా ఉన్నాయి. కోదాడలో ఇలాంటి కమానుతో బండిని బయటికి పంపితే డ్రైవర్ మొహం మీద ఉమ్మేసి పోయేవాడు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. కంపెనీ ఎన్ని పట్టీలిచ్చినా ఇచ్చినన్ని ఉంచి, మేస్త్రీ తన వంతుగా పైన ఇంకొకటి వేసేవాడు. దానికి పసుపు రాసి కుంకుమ పెట్టేవాడు. మేస్త్రీ పట్టీ అనేవాళ్ళు. అది ఉంటే బండి కూలబడదని డ్రైవర్ల నమ్మకం, అది వేయనివాడు మేస్త్రీయే కాడని షెడ్ల మాట. బండి మీద రాసిన బరువుకు రెట్టింపు బియ్యం బస్తాలు ఎక్కించే లారీలకు ఆ పట్టీ ప్రాణం. ఆ మాట నిజమే.

కానీ ఈ ఇంటి మీద బస్తాలు లేవు. కంప్యూటర్లున్నాయి, గట్టిగా తగిలితే అద్దం పగిలే కంప్యూటర్లు. బరువు లేని చోట గట్టి కమాను వేస్తే అది వంగదు. వంగని కమాను గుంతలో పడిన దెబ్బంతా తీసుకెళ్ళి పైన ఇంటికి కొడుతుంది, పట్టుకున్న బ్రాకెట్టునూ కొడుతుంది. తీరిగ్గా ఎవరైనా అడిగి ఉంటే మారయ్యే ఈ సంగతి చెప్పేవాడేమో. ఎవరూ అడగలేదు. అతనికీ తీరిక లేదు. కళ్ళ ముందు ఒరిగిన కంటైనర్ ఒక్కటే ఉంది. ఈసారి ఏదీ ఊడకూడదు, ఏదీ కూలకూడదు. పాత సామాన్లలో సరిపోయే పట్టీలు వెతికి, కోసి, ఒక్కో కమానుకు ఒక్కోటి వేశాడు. డార్మిటరీలో దేవుడి పటం దగ్గరి పసుపు కుంకుమలు తెచ్చి వాటికి పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. మేస్త్రీ పట్టీ సంగతి చెప్పుకునేది కాదు.

బండి షెడ్డు బయట ఒక చుట్టు తిరిగింది. ఊగలేదు, వంకర పోలేదు. తౌకే పక్కనే నడిచి చూసి తల ఊపాడు. బొటనవేలు ఎత్తలేదు గానీ అరచేతిని విమానంలా కూడా లేపలేదు.

ఓపెనింగ్‌కు ముందు, పరీక్షగా, మొదటి మజిలీ యీషున్. బండి అక్కడికి చేరిన మర్నాడే మారయ్య పానా సంచీ పట్టుకుని బస్సులు మారి వెళ్ళాడు. రెండో బిగింపు ఈసారి ఎవరి దయ మీదా వదలడు. ఫ్లాట్ల మధ్య, కార్ల పార్కింగు పక్కన బండి నిలబడి ఉంది. ముసలమ్మలు మెట్టెక్కి లోపలికి పోయి కంప్యూటర్ ముందు ఆలయంలో కూర్చున్నట్టు కూర్చుంటున్నారు. మారయ్య కింద దూరాడు. బోల్టులు వదులయ్యాయి, అనుకున్నంతే. ఒక్కొక్కటీ బిగించాడు.

ఇఫ్తేఖార్ భార్య ఫహ్మీదా టిఫిన్ డబ్బా తెచ్చింది. కూతురు షిఫా బడి చొక్కాలోనే వచ్చి నేల మీదకు వంగింది.

"అంకుల్, వై యూ స్లీపింగ్ దేర్? సో డర్టీ లా!"

"షిఫా! అంకుల్‌తో తెలుగులో మాట్లాడు" అని ఫహ్మీదా కసిరింది.

పిల్ల కాసేపు ఆలోచించింది. "అంకుల్... అన్నం?" అంది. ఆ ఒక్క మాటకు మారయ్య పడుకున్నచోటే పడుకుని పొట్ట ఊగేలా నవ్వాడు. రెండేళ్ళలో అలా నవ్వడం అదే మొదటిసారి.

ఇఫ్తేఖార్ మాత్రం నవ్వలేదు. "భాయ్, ఊగుడు పోయింది, షుక్రియా. గానీ వచ్చేటప్పుడు రెండు మానిటర్లు బంద్ పడ్డయి. టేబుల్ స్క్రూలు ఊడినయి. ఎందుకంటవ్?"

"సరిగ కట్టలేదేమో సార్. తాడు వేసి గట్టిగ కట్టున్రి."

చెప్పాడు గానీ ఆ మాట తనే నమ్మలేదు. ఇత్తడి బుష్షులు వేశాడు, షాక్ అబ్జార్బర్లు వేశాడు, అయినా స్క్రూలు ఎందుకు ఊడాలి? జవాబు అతనికి అడుగు దూరంలో, పసుపు రాసుకుని కూర్చుని ఉంది. దాని వంక చూడకుండా పానాలు సంచీలో వేసుకున్నాడు. చూస్తే తీయాలి. తీస్తే ఎందుకు వేశావని అడుగుతారు. పర్మిట్ కాగితాలు తౌకే బల్ల మీద ఉన్నాయి, ఇంకా సంతకం పడలేదు.

బెడోక్‌లో ఓపెనింగ్ శనివారం పొద్దున. మారయ్య అందరికంటే ముందు చేరాడు. బండి రాత్రే వచ్చి నిలబడి ఉంది. రంగు కాగితాలు కట్టారు, కుర్చీలు వేశారు. వచ్చే దారిలో, పేట లోపలి రోడ్లలో వేగం తగ్గించడానికి వేసిన గట్లు అడుగడుగునా ఉన్నాయి. ఒక్కో గట్టూ బండికి ఒక్కో దెబ్బ అని వాటిని లెక్కపెడుతూ వచ్చాడు.

కింద దూరి టార్చి వేశాడు. యూ బోల్టులు రాయిలా ఉన్నాయి. ఏ భయంతో రెండేళ్ళు బతికాడో ఆ భయానికి అక్కడ పనే లేదు. టార్చి ఎడమ పక్కకు తిప్పాడు. కేశవరావు అతికించిన బ్రాకెట్టు మూలన నల్లటి గీత. వేలితో తుడిచాడు, పోలేదు. గోరు దిగింది. బ్రాకెట్టు చీలిపోతోంది.

పడుకునే ఉన్నాడు. పైన ఎవరో మైకు పరీక్షిస్తున్నారు. ఒక చీలిక. దాన్ని అతికించింది కేశవరావు. ఈ ఆలోచన రావడానికి ఎంత సేపూ పట్టలేదు. రెండేళ్ళుగా ఎదురు చూస్తున్నదే వచ్చినట్టు వచ్చింది.

బయటికి వచ్చి ఇఫ్తేఖార్‌ను పక్కకు పిలిచాడు. "సార్, బ్రాకెట్టు పగులుతున్నది. గిట్లనే లాక్కపోతే ఇరుసు ఊడివస్తది."

ఇఫ్తేఖార్ జేబులు తడుముకోవడం ఆపాడు. "క్యా బాత్ కర్తే! మీరే కదా అంతా చేసిన్రు?"

"అది నేను జెయ్యలె సార్." మారయ్య టార్చి ఆర్పాడు. "ఆ అతుకు కేశవరావు ఏసిండు. కచ్చా అతుకు."

మాట బయటికి వచ్చాక ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి అతనికే ఆశ్చర్యం వేసింది. ఇఫ్తేఖార్ అప్పటికే ఫోన్ తీశాడు. షెడ్డుకు చేసి తౌకేతో గట్టిగా ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. కేశవరావు పేరు మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది. సాయంత్రానికి ఆ అతుకు మీద రెండో అతుకు వేయించి బండిని ఇంకో పేటకు లాక్కుపోవాలంటున్నాడు.

చేతులు ఊరికే ఉండలేక మారయ్య మళ్ళీ కింద దూరాడు. టార్చి ఈసారి కుడి పక్కకు వేశాడు. ఆ బ్రాకెట్టు ఎవరూ ముట్టనిది, ఆస్ట్రేలియాలో ఫ్యాక్టరీ అతుకు. దాని మూలన కూడా గీత ఉంది. సన్నగా ఉంది, కానీ అదే చోట, అదే వాలులో. రెండు పక్కలా ఒకే చోట పగిలిందంటే అతుకు పాపం కాదు. రెండు పక్కలా ఉన్నది ఒక్కటే. పసుపు రాసిన పట్టీ.

పైన ఇఫ్తేఖార్ ఫోన్ కిందకు చాపాడు. "భాయ్, మీ కేశవరావు లైన్‌లో ఉన్నడు. మీతోటే మాట్లాడ్త అంటున్నడు."

మారయ్య పడుకునే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"ఒరేయ్ మారయ్యా," కేశవరావు బతిమాలుతున్నాడు, "నేను బాగానే అతికించాన్రా. రెండుసార్లు వేశాను. తౌకే నన్ను పంపించేస్తానంటున్నాడ్రా. మా ఆవిడ మీద ఒట్టు, నేను బాగానే అతికించాను. నువ్వైనా చెప్పరా!"

ఆ గొంతు కేశవరావుది, మాట మాత్రం తనది. ఆ రోజు షెడ్డులో తను వేసిన ఒట్టే, పెళ్ళాం మీద ఒట్టు. ఆ రోజు విన్నవాడు ఊరుకున్నాడు. ఈ రోజు వినేవాడు కూడా ఊరుకుంటే చాలు. గొట్టం కేశవరావు చేతికి పోతుంది. పానా తనకు వస్తుంది. సూరమ్మ మాట నిజమవుతుంది. నోరు మూసుకోవడమే చేయవలసిన పని.

కానీ ఊరుకుంటే ఎడమ పక్క ఒక్కటే అతికిస్తారు. కుడి పక్కది అలాగే వదిలేసి పెద్ద రోడ్డెక్కిస్తారు. వెనక ఏ బస్సు ఉంటుందో, ఏ పిల్ల ఉంటుందో.

బయటికి వచ్చి, ఫోన్ ఇఫ్తేఖార్ చేతిలో పెట్టాడు. "సార్, తౌకేకు జెప్పు. కేశవరావు అతుకు మంచిదే. రెండు దిక్కులా పగిలింది. నేను పట్టీ ఎక్కువేసిన. ఎవ్వలను అడగకుంట ఏసిన. నా తప్పే."

"ఎందుకు వేసిన్రు?"

"మా దిక్కు గట్లనే ఏస్తం సార్" అన్నాడు. అంతకు మించి చెప్పడానికి ఏముంది?

ఇఫ్తేఖార్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. కేశవరావులా కాదు, ఉన్నది ఉన్నట్టు మార్చాడు. అవతల తౌకే ఏమన్నాడో మారయ్యకు వినపడలేదు. వినవలసిన అవసరమూ లేకపోయింది.

మధ్యాహ్నం కాకముందే కేశవరావు వెల్డింగ్ సామానుతో వచ్చాడు. ఇద్దరూ బండి కింద పక్కపక్కన పడుకున్నారు. మేస్త్రీ పట్టీలు ఒక్కొక్కటే ఊడదీశారు. రెండు బ్రాకెట్లకూ వెనకనుంచి దిట్టమైన రేకు వేసి అతికించారు. పైన ముసలివాళ్ళు నడుస్తుంటే చెక్క కిర్రుమంటోంది. ఎవరో ఉపన్యాసం ఇస్తున్నారు. చప్పట్లు కొడుతున్నారు.

"పంతొమ్మిది పానా ఇటివ్వు" అన్నాడు కేశవరావు.

మారయ్య అందించాడు. తర్వాత సుత్తి అందించాడు, టార్చి పట్టుకున్నాడు. పనికన్నా ఎక్కువగా ఒక మాట కోసం కాచుకుని ఉన్నాడు. ఇప్పుడైనా అంటాడని. తౌకే దగ్గరికి పోయి, ఆనాటి బోల్టుల సంగతి నాదే అని ఒక్క మాట చెప్తానంటాడని. ఆ మాట పడితే పర్మిట్ వస్తుందో రాదో గానీ, రెండేళ్ళ మట్టి కడిగినట్టయ్యేది.

చివరి అతుకు చల్లారాక కేశవరావు కళ్ళద్దాలు తీశాడు. "ఎందుకు చెప్పావురా పిచ్చోడా? నేనైతే చెప్పను" అన్నాడు.

"తెలుసు" అన్నాడు మారయ్య.

కేశవరావు బండి కిందనుంచి బయటికి జారాడు. సామాను సర్దుకుని వ్యాన్ ఎక్కాడు. మారయ్యను ఎక్కమని కూడా అనలేదు.

ఆ రాత్రి మొదలు, నోరు ఎందుకు విప్పానా అని మారయ్య తనను తాను తిట్టుకోని క్షణం లేదు. మంచి పని చేశానన్న తృప్తి రాలేదు. అలాంటిది వస్తుందని ఎవరో రాసుకుంటారు గానీ, కాళ్ళకింద నేల పోయినవాడికి రాదు. తౌకే పర్మిట్ కాగితాల మీద సంతకం పెట్టలేదు, ఎదురుపడ్డప్పుడల్లా రెండో చూపు చూడకుండా పోయాడు. డార్మిటరీలో కుర్రాళ్ళు "వచ్చాడయ్యా పసుపు మేస్త్రీ" అని నవ్వుకున్నారు. ఆదివారం లిటిల్ ఇండియాలో ఫోన్ పెట్టె ముందు నిలబడి, కార్డు గీకకుండానే తిరిగి వచ్చాడు.

పోయే రోజున, డార్మిటరీ గేటు దగ్గర వ్యాన్ కోసం పెట్టె మీద కూర్చుని ఉండగా ఇఫ్తేఖార్ వచ్చాడు. చేతిలో ఫహ్మీదా కట్టించిన అన్నం పొట్లం ఉంది. ఏం మాట్లాడాలో తెలియక జేబులు తడుముకున్నాడు.

"తౌకేకు మళ్ళా చెప్పి చూసిన భాయ్. వినలేదు."

"ఎందుకింటడు సార్."

"బండి మంచిగ నడుస్తుంది. ఒక్క మానిటర్ కూడా పోలేదు. బుష్షులు, షాక్‌లు, అన్నీ మీరు చేసినయే కదా. అది కూడా చెప్పిన తౌకేకు." ఇఫ్తేఖార్ ఆగాడు. "షిఫా అడుగుతుంది, అన్నం అంకుల్ ఏడీ అని."

మారయ్య పొట్లం అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అది ఇంకా వెచ్చగా ఉంది.

"ఇంట్లో ఏం చెప్తరు?" అని అడిగాడు ఇఫ్తేఖార్.

మారయ్య పొట్లం ముడి సరిచేసుకున్నాడు. వ్యాన్ వచ్చి హారన్ కొట్టింది. పెట్టె ఎత్తి లోపల పెట్టాడు. ఒక కాలు మెట్టు మీద వేసి, ఏదో గుర్తుకు వచ్చినవాడిలా వెనక్కి తిరిగాడు.

"సార్, పట్టీలు తీసి మళ్ళ బిగిచ్చినం గద. ఇంకోపాలి బోల్టులు బిగియ్యాలె. బండిని షెడ్డుకు పంపు, మర్వకు. కేశవరావుతోనే బిగిపియ్యి. ఈపాలి ఆయనకు యాదుంటది."